సగం కన్నాలే కొన్నాను: తేనెపట్టు కార్బన్ ఫిల్టర్, ఏడు నెలలు వాడాక

ముందే చెప్పేస్తున్నా, ఇది తిట్టడానికి రాస్తున్న రివ్యూ కాదు. ఫిల్టర్ పనిచేసింది. కాకపోతే వాళ్లు చెప్పినంత కాలం చెయ్యలేదు, చెప్పినవన్నీ పట్టలేదు. ఎందుకో తెలుసుకోవడానికి దాన్ని విప్పి, తూకం వేసి, గుళికలు నేలంతా ఒలకబోసుకుని ఒక్కొక్కటీ ఏరుకోవాల్సి వచ్చింది.

సంగతి ఇదీ. చిన్న గది, అందులో కొత్త ప్లైవుడ్ బీరువా. తలుపు తీస్తే చాలు, జిగురు వాసనా పాలిష్ వాసనా కలిసి కళ్లు మండేవి. గదిలో ఎయిర్ ప్యూరిఫయర్ అప్పటికే ఉంది, హెపా ఫిల్టర్ది, అంటే దుమ్ము రేణువుల్ని పట్టే సన్నటి పీచు ఫిల్టర్. మూడు రోజులు ఫుల్ స్పీడులో తిప్పినా వాసన రవ్వంత తగ్గలేదు, మిషన్ మీద లైటు మాత్రం గాలి బ్రహ్మాండంగా ఉందని పచ్చగా వెలుగుతూనే ఉంది. తర్వాత తెలిసింది, నా మిషన్‌లో ఉన్న సెన్సర్ దుమ్మునే లెక్కపెడుతుంది. గాలిలో తేలే రేణువు మీద కాంతి పడి చెదిరితే దానికి తెలుస్తుంది, వాయువు సంగతి దానికి పట్టదు. హెపా కథా అంతే. 0.3 మైక్రాన్ల రేణువుల్లో 99.97 శాతం పట్టేస్తుందని పెట్టె మీద రాస్తారు, అబద్ధం కాదు, కానీ ఈ వాసన రేణువులుగా రాదు, విడివిడి అణువులుగా వస్తుంది. అవి ఆ పీచు మధ్య నుంచి దర్జాగా నడిచిపోతాయి.

దాంతో అదే మిషన్‌లో హెపా వెనక దూర్చుకునే కార్బన్ ప్యానెల్ తెప్పించాను. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది: తేనెపట్టులా ఆరు పలకల గళ్లు, ఒక్కో గడిలో నల్లటి గుళికలు, జారిపోకుండా రెండు వైపులా సన్నటి వల. మందం ఓ సెంటీమీటరు. ఏడాది వస్తుందన్నారు. మొదటి వారం నిజంగానే ఆశ్చర్యపోయాను, రెండో రోజు పొద్దునకే గదిలో వాసన సగానికి సగం పోయింది. అందరికీ చెప్పుకున్నాను కూడా, అదే కొంచెం తొందరపాటు.

రెండున్నర నెలలకి ముసురు పట్టింది. ఒకరోజు బయట నుంచి వచ్చి గది తలుపు తీస్తే మళ్లీ అదే జిగురు వాసన. బీరువా దగ్గర ముక్కు పెట్టి చూశాను, అక్కడ పెద్దగా లేదు. మిషన్ గాలి వచ్చే చోట పెట్టాను, గుప్పుమంది. అంటే నేను డబ్బిచ్చి తెచ్చుకున్న ఫిల్టరే ఇన్నాళ్లూ పట్టిన వాసనని తిరిగి గదిలోకి వదులుతోంది!

ఇక్కడ కాస్త సైన్సు చెప్పక తప్పదు, ఎందుకంటే ఈ సరుకు కొనేవాళ్లలో చాలామంది, నాతో కలిపి, దీన్ని స్పంజి అనుకుంటారు. స్పంజి నీళ్లని లోపలికి పీల్చుకుంటుంది. కార్బన్ చేసేది అది కాదు, వాయువు అణువులు దాని ఉపరితలం మీద అతుక్కుంటాయి అంతే. కెమిస్ట్రీ పుస్తకంలో దీన్నే అధిశోషణం అని చదువుకున్నాం, శోషణానికీ దీనికీ తేడా రాయమని పరీక్షలో అడిగేవాళ్లు, రాసేసి మర్చిపోయాం. అతుక్కోవడానికి చోటు కావాలి కాబట్టి కొబ్బరి చిప్పల బొగ్గునో నేలబొగ్గునో 800 నుంచి 1000 డిగ్రీల వేడిలో ఆవిరితో కాల్చి లోపలంతా గుల్ల చేస్తారు. అలా చేశాక ఒక్క గ్రాములో ఉండే ఉపరితలం సుమారు 1000 చదరపు మీటర్లు. కొబ్బరి చిప్పల కార్బన్‌లో ఎక్కువ భాగం 2 నానోమీటర్ల కంటే చిన్న రంధ్రాలే.

అంటే ఫిల్టర్‌లో రెండు రకాల కన్నాలు ఉన్నాయన్నమాట. కంటికి కనిపించే తేనెపట్టు గళ్లు గాలి నడవడానికి. అవి ఏమీ పట్టవు. పట్టేవి కంటికి కనపడని ఆ సూక్ష్మ రంధ్రాలు. గళ్లు రోడ్లయితే రంధ్రాలు ఇళ్లు, ఎవరైనా ఉండాలంటే ఇళ్లలోనే ఉండాలి, రోడ్డు ఎంత వెడల్పు ఉన్నా మంచం వేసుకోలేరు కదా. మరి మనం ఫొటో చూసి మురిసిపోయి కొనేది రోడ్లని.

ఇక విప్పుడు కార్యక్రమం. వల చింపకుండా ఒక పక్క ఊడదీసి దీపం వెనక పెట్టి చూశాను. గళ్ల పై సగంలోంచి వెలుగు నేరుగా వస్తోంది! ప్రతి గడిలోనూ గుళికలు సగానికే పోశారు, మిషన్‌లో ప్యానెల్ నిలబడి ఉంటుంది కాబట్టి అవన్నీ అడుగుకి జారాయి, పై సగం ఖాళీ. గాలి ఎప్పుడూ సులువైన దారే చూసుకుంటుంది, గుళికల మధ్య దూరే కష్టం దానికెందుకు, ఖాళీ సగంలోంచి వెళ్లిపోయింది. మొత్తం ప్యానెల్ బరువు 310 గ్రాములు, అందులో చట్రం, వల తీసేస్తే నికరంగా కార్బన్ 190 గ్రాములు. పెట్టె మీద గ్రాముకి 1000 చదరపు మీటర్లని పెద్ద అక్షరాలతో వేశారు, ఆ లెక్కలో దోషం లేదు, ఎన్ని గ్రాములో మాత్రం ఎక్కడా వెయ్యలేదు. ఇంట్లో గాలిలో ఉండేంత పలచటి ఆవిర్లని కార్బన్ తన బరువులో కొద్ది శాతం మేరకే పట్టి ఉంచగలదు. 190 గ్రాములకి కొద్ది శాతం అంటే ఎంతో మీరే చూసుకోండి, అవతల బీరువా నెలల తరబడి వదులుతూనే ఉంటుంది.

ముసురు రోజుల్లోనే ఎందుకు గుప్పుమంది అంటే, గాలిలో తేమ బాగా పెరిగితే నీటి అణువులు కూడా ఆ రంధ్రాల్లో చేరతాయి, చోటు తగ్గుతుంది, అప్పటికే గట్టిగా అతుక్కోని తేలిక వాసనలు బయటికొస్తాయి. వేడెక్కినా అంతే. గట్టిగా అతుక్కునే రకం ఆవిరి కొత్తగా వస్తే పాత తేలిక రకాన్ని నెట్టేసి కూర్చుంటుంది, ఆ గదిలో నేను సగం డబ్బా థిన్నర్ వాడి బ్రష్షులు కడిగిన ఘనత కూడా ఉంది, కాబట్టి తప్పంతా ఫిల్టర్ది కాదు, ఒప్పుకుంటున్నా.

అమ్మినవాళ్లకి మెసేజ్ పెడితే, నాలుగు గంటలు ఎండలో పెట్టండి, మళ్లీ కొత్తదైపోతుంది అన్నారు. పెట్టాను. రెండు రోజులు బాగానే ఉంది, మూడో రోజుకి మామూలే. ఎండ వల్ల తేమా, పైపైన అతుక్కున్నవీ కొంత పోతాయి, లోపలి రంధ్రాల్లో కూరుకున్నవి కదలవు. ఫ్యాక్టరీల్లో వాడేసిన కార్బన్‌ని మళ్లీ పనికొచ్చేలా చెయ్యాలంటే కొలిమిలో 800 డిగ్రీల దాకా తీసుకెళ్తారు. ఎండతో అయ్యే పనైతే వాళ్లకి కొలిమెందుకు? ఇంకొకరు నీళ్లతో కడగమన్నారు, అది మాత్రం చెయ్యకండి.

మందంతో వచ్చే తిప్పలు ఇంకొకటి. గాలి సెకనుకి మీటరు వేగంతో వెళ్తుంటే సెంటీమీటరు మందాన్ని దాటడానికి సెకనులో వందో వంతు పడుతుంది. ఆ లోపు అణువు గుళిక దగ్గరికి చేరి, లోపలికి దారి వెతుక్కుని, అతుక్కోవాలి. గదిలో అదే గాలి పదేపదే తిరుగుతుంది కాబట్టి మొదట్లో పనైంది, లేకపోతే ఒక్క విడతలో అయ్యేది కాదు.

మూడో నెలలో అసలు సిసలు తేనెపట్టు తెప్పించాను. ఇది గుళికలు పోసిన చట్రం కాదు, కార్బన్ పొడినే బైండర్‌తో, అంటే పొడిని అతికి ఉంచే పదార్థంతో, ముద్ద చేసి, అచ్చులోంచి నెట్టి తీసిన దిమ్మ. ఒక వైపు నుంచి ఇంకో వైపుకి తిన్నగా సన్నటి నలుచదరపు గొట్టాలు, గోడలన్నీ కార్బనే. కార్ల సైలెన్సర్ గొట్టంలో ఉండే పింగాణీ తేనెపట్టుదీ ఇదే ఆకారం, అక్కడ చదరపు అంగుళానికి 400 గళ్లు మామూలు, కాకపోతే అది పొగని పట్టి ఉంచదు, గోడలకి పూసిన లోహాల మీద రసాయన చర్య జరిపిస్తుంది. డీజిల్ బళ్లలో మసి పట్టేదైతే ఇంకా తెలివైనది, గొట్టాల్ని ఒకటి విడిచి ఒకటి ఆ కొసనా ఈ కొసనా మూసేస్తారు, పొగ తప్పనిసరిగా గోడలోంచి దూరి పక్క గొట్టంలోకి వెళ్లాల్సిందే, మసి గోడ దగ్గరే ఆగుతుంది. ఆకారంలో లోపం లేదని చెప్పడానికే ఇదంతా, నా గొడవ ఖాళీ గళ్లతోనే.

దిమ్మలు నాలుగు, ఒక్కోటి 10 సెంటీమీటర్ల చదరం, 5 సెంటీమీటర్ల మందం. నాలుగూ కలిపి 900 గ్రాములు. ఇందులో బైండర్ బరువు కూడా ఉంటుంది కాబట్టి అంతా కార్బన్ అనుకోకూడదు, అయినా ప్యానెల్‌కి దీనికీ పోలికే లేదు. నా మిషన్‌లో పట్టవు, అట్టపెట్టె కోసి టేపు చుట్టి మిషన్ వెనక తగిలించాను, చూసినవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. గొట్టాలు తిన్నగా ఉండటం వల్ల గాలికి అడ్డు తక్కువ, ఫ్యాన్ మోత పెద్దగా పెరగలేదు. ఇంత బరువు గుళికలే బిగించి కూరితే ఫ్యాన్ మూలుగుతుంది. జారిపోయేదీ లేదు, ఖాళీ సగం మిగిలేదీ లేదు. నాలుగు నెలలైంది, ఇంకో ముసురు కూడా గడిచింది, వాసన తిరిగి రాలేదు. లోపాలు లేవా అంటే ఉన్నాయి: మొదటి రోజు నల్లటి పొడి రాలుతుంది, బయట దులిపి పెట్టాలి. అంచులు పెళుసు, ఒక మూల నా చేతిలోనే విరిగింది. దుమ్ము ఫిల్టర్ ముందుండాలి, లేకపోతే గొట్టాల గోడలు దుమ్ముతో పూడిపోతాయి.

రెండింటికీ వర్తించే హెచ్చరిక ఒకటుంది, దీన్ని అమ్మేవాళ్లు చెప్పరు. ‘అన్ని వాయువుల్నీ తొలగిస్తుంది’ అన్న మాట నమ్మొద్దు. ప్లైవుడ్ జిగురులోంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ చిన్న అణువు, మామూలు కార్బన్ దాన్ని సరిగా పట్టలేదు, అందుకోసం ప్రత్యేకంగా రసాయనం పట్టించిన రకం కావాలి. పర్మాంగనేట్ పట్టించిన ఊదారంగు గుళికలు అలాంటివే, పనైపోయే కొద్దీ గోధుమ రంగుకి తిరుగుతాయి, ఎప్పుడు మార్చాలో కంటికే తెలుస్తుంది. కాబట్టి నా గదిలో వాసన పోయిందంటే ఫార్మాల్డిహైడ్ కూడా పోయిందని నేను చెప్పను. కార్బన్ మోనాక్సైడ్ సంగతైతే అసలు మాట్లాడక్కర్లేదు, మామూలు కార్బన్ దాన్ని ఆపదు, దానికి వాసన కూడా ఉండదు. బొగ్గు కుంపటో హీటరో ఉన్న గదిలో ఈ ఫిల్టర్ ఉంది కదా అని కిటికీలు మూసుకుంటే ప్రాణం మీదికొస్తుంది.

నీళ్ల ఫిల్టర్ గురించి కూడా అడిగారు కొందరు. నా దగ్గరున్నది అదిమి చేసిన కార్బన్ బ్లాక్, నీళ్లు బయటి గోడలోంచి దూరి మధ్య గొట్టంలోకి వస్తాయి. క్లోరిన్ వాసన ఇట్టే పోతుంది. ఉప్పదనం పోదు, నీళ్లలో కరిగిన లవణాలు దీనికి చిక్కవు, ఆ లవణాల్ని కొలిచే టీడీఎస్ మీటరు పెట్టి చూసి మోసపోయామని గోల చెయ్యకండి. గుళికలు వదులుగా పోసిన కార్ట్రిడ్జ్‌లో నా ప్యానెల్ రోగమే వస్తుంది, నీళ్లు గుళికల మధ్య ఒక దారి చేసుకుని అందులోంచే పోతాయి, మిగతా కార్బన్ ఊరికే తడుస్తూ కూర్చుంటుంది. బద్ధకంలో నీళ్లకీ గాలికీ తేడా లేదు.

పింగాణీ క్యాండిల్‌ని బ్రష్షుతో రుద్ది మళ్లీ వాడతాం కదా, దీన్నెందుకు కడక్కూడదని ఒక స్నేహితుడు వాదించాడు. క్యాండిల్‌లో మురికి చాలావరకు పై పొర మీదే ఆగిపోతుంది, రుద్దితే పోతుంది. కార్బన్ పట్టినవి లోపల నానోమీటర్ల సందుల్లో ఉన్నాయి, అక్కడికి ఏ బ్రష్షు వెళ్తుంది? క్యాండిల్‌కీ హద్దులున్నాయి లెండి, ఫ్రెంచ్ శాస్త్రవేత్త చాంబర్లాండ్ 1884లో చేసిన పింగాణీ ఫిల్టర్ బ్యాక్టీరియాని ఆపేది, 1892లో రష్యన్ శాస్త్రవేత్త ఇవనోవ్‌స్కీ జబ్బు చేసిన పొగాకు ఆకుల రసం దాంట్లో వడకడితే, కారిన రసం ఇంకా జబ్బు అంటిస్తూనే ఉంది. వైరస్ ఉందని పసిగట్టడం అక్కడే మొదలైంది.

మార్కులు. ప్యానెల్‌కి ఐదుకి రెండు, ఆ రెండూ మొదటి రెండు నెలలకి. కొద్దిరోజుల పెయింట్ వాసనకైతే చాలు, తీసుకోవచ్చు, ఏడాది మాట మర్చిపోండి. దిమ్మలకి నాలుగు, అట్టపెట్టె తంటా లేకపోతే నాలుగున్నర ఇచ్చేవాణ్ణి. బీరువా తలుపులు బార్లా తీసి, కిటికీ తెరిచి, ఫ్యాన్ బయటికి తిప్పి వారం రోజులు వదిలెయ్యడం ఈ రెండింటికంటే బాగా పనిచేస్తుంది, అది నేను నాలుగో నెలలో చేశాను.

దిమ్మల పక్కన తేదీ మార్కర్‌తో రాసి పెట్టాను. ప్యానెల్ అమ్మినవాళ్లు ఇప్పుడు ‘డబుల్ లేయర్’ అని కొత్త మోడల్ దింపారు. అందులో కార్బన్ ఎన్ని గ్రాములండీ అని అడిగాను. పొడవు, వెడల్పు, మందం, రంగు పంపించారు. మళ్లీ అడిగాను, ఇప్పటికి పదకొండు రోజులైంది.