కరెంటు పోయినా ఆగని టైమర్: ఇరవై రెండేళ్ల వాడకం తర్వాత

మా అనంతపురం ఇంట్లో 2003లో కొన్న రెండు తొట్ల సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మెషిన్ ఇంకా ఉతుకుతూనే ఉంది. బెల్టు రెండుసార్లు, కెపాసిటర్ (మోటారు తిరగడానికి తోడ్పడే భాగం) ఒకసారి మార్చాం. ఉతికే వైపు టైమర్ కూడా ఒకసారి మారింది. డ్రయ్యర్ వైపుది మాత్రం కొన్ననాటిదే. నేను చెప్పదలచింది ఆ టైమర్ల గురించే.

మీ పాత మెషిన్‌లో ఉన్నది ఏ రకమో తెలియకపోతే, ప్లగ్గు పీకేసి నాబ్ తిప్పండి. టిక్‌టిక్‌మంటే స్ప్రింగుది. మన చేత్తో చుట్టుకున్న స్ప్రింగు మెల్లగా విప్పుకుంటూ లోపలి పళ్లచక్రాలను నడుపుతుంది. వాటితో తిరిగే క్యామ్ (అంచు ఎగుడుదిగుడుగా ఉండే చక్రం) మోటారుకు కరెంటు అందించే సన్నటి రేకులను కలుపుతూ, విడదీస్తూ ఉంటుంది. మోటారు కాసేపు కుడికి తిరిగి, ఆగి, ఎడమకు తిరిగేది అందుకే. చప్పుడే లేకపోతే అది చిన్న కరెంటు మోటారుతో నడిచే రకం కావచ్చు. పాత ఫుల్లీ ఆటోమేటిక్‌లలో అదే ఉండేది.

స్ప్రింగు టైమర్‌తో నాకున్న పెద్ద ఫిర్యాదు ఒకటే: కరెంటు పోయిన సంగతి దానికి తెలియదు. ఎండాకాలం కోతల్లో అమ్మ వంటింట్లో ఉండి టిక్‌టిక్ విని, ఉతుకుతోందనే అనుకునేది. పావుగంట తర్వాత వచ్చి చూస్తే నాబ్ సున్నా దగ్గర, బట్టలు సబ్బునీళ్లలో నానుతూ ఉండేవి. బజర్ కూడా మోగదు, దానికీ కరెంటు కావాలి కదా! మోటారు టైమర్ అయితే కరెంటుతో పాటు ఆగి, వచ్చాక అక్కడి నుంచే సాగుతుంది.

పన్నెండేళ్లు బాగానే నడిచాక చీరలన్నీ తాడులా పేనుకుపోవడం మొదలైంది. మెకానిక్ మోటారు కాలిపోయిందన్నాడు. నాకు నమ్మకం కలగక తొట్టి ఖాళీ చేసి చూశాను. కుడికి చక్కగా తిరుగుతోంది, ఎడమ వంతు వచ్చేసరికి కదలడం లేదు. కెపాసిటర్ పోతే రెండు వైపులా మూలుగుతూ ఉండిపోతుంది. ఒక వైపు మాత్రమే మానేసిందంటే టైమర్‌నో వైరునో అనుమానించాలి. ప్లగ్గు పీకి ప్యానెల్ విప్పితే (కెపాసిటర్ జోలికి పోకండి, ప్లగ్గు పీకాక కూడా షాక్ కొట్టొచ్చు) ఒక రేకు కొన మసిబారి కనిపించింది. గరుకు కాగితంతో రుద్దాను. నాలుగు నెలలు నడిచి మళ్లీ ఆగింది. కొన మీది పూత నేనే గీకేశానని తర్వాత అర్థమైంది. స్పిరిట్ అద్దిన గుడ్డతో తుడవాల్సింది.

అంతకన్నా పెద్ద తప్పు నూనె. మా మామయ్య కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేయమన్నారు, వేశాను. మా ఊరి దుమ్ముతో కలిసి అది జిగురైంది. ఫోనులో గడియారం పెట్టి చూస్తే పదిహేను నిమిషాల టైమర్ ఇరవై రెండు తీసుకుంది!

చివరికి కొత్తది కొనడానికి వెళ్తే షాపతను అడిగిన మొదటి మాట, “ఎన్ని వైర్లది సార్?” నాకు తెలియదు. అంచనాగా తెచ్చినది కడ్డీ పొట్టిదై నాబ్ పట్టలేదు. రెండోసారి పాతదాన్నే జేబులో వేసుకుని వెళ్లాను. వైర్లు, కడ్డీ పొడవు, దాని కోత, స్క్రూల రంధ్రాల మధ్య దూరం అన్నీ పోల్చి తెచ్చాను. వైర్ల రంగులు కంపెనీని బట్టి మారతాయి కాబట్టి విప్పకముందే ఫొటో తీసుకోవాలి.

నాబ్ ఊరికే గిరగిరా తిరిగితే టైమర్‌ను తిట్టకండి. చాలాసార్లు చీలేది ప్లాస్టిక్ నాబే, దానికయ్యేది చాలా తక్కువ. మా బోరు నీళ్లు ఉప్పువి. తడి చేత్తో తిప్పితే కడ్డీ చుట్టూ తెల్లటి పొర కడుతుంది. అందుకే పక్కన పొడిగుడ్డ వేలాడదీశాను. వెనక్కి తిప్పడం మాత్రం ఇంట్లో అందరికీ నిషేధం.

కరెంటు కోతల సమస్యకు స్విచ్ బోర్డులో ఎర్రటి ఇండికేటర్ పెట్టించాను. ఇప్పుడు టిక్‌టిక్ వినబడినా సరే, అమ్మ ముందు తల బయటికి పెట్టి ఆ లైటు వైపే చూస్తుంది.