నెల్లూరు ఆటోనగర్‌లో పద్మిని కారుకు బీడింగులు: రంగు చెదరకుండా బిగించిన షెడ్డు

పాత కారుకు రంగు చక్కగా వేసేవాళ్లు నెల్లూరులోనూ ఉన్నారు, ఒంగోలులోనూ ఉన్నారు. ఆ రంగు మీద గీత పడకుండా బీడింగులు (బాడీ పక్కల వెంట క్రోమ్‌లా మెరిసే లోహపు పట్టీలు), తలుపు హ్యాండిళ్లు, అద్దాల రబ్బర్లు తిరిగి బిగించేవాళ్లే అరుదు. మా నాన్నగారు వాడిన ప్రీమియర్ పద్మినికి ఆ పని నెల్లూరు ఆటోనగర్ లోపలి వరుసలో, బోర్డు కూడా లేని ఒక చిన్న షెడ్డులో చేయించాను. అక్కడి మేస్త్రిగారి పద్ధతి తెలిస్తే ఇలాంటి బండి ఉన్నవారికి ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను.

ఫియట్ 1100 నమూనా మీద ముంబై కుర్లాలో తయారైన ఈ బండి ఉత్పత్తి ఆగిపోయి ఇరవై ఏళ్లు దాటింది కనుక, అసలు బీడింగు ఒకటి వంగితే దానికి సరిజోడు దొరకడం కష్టం. అంతకుముందు వేరే ఊళ్లో రంగు వేసినవారు మర్నాడే స్క్రూడ్రైవర్‌తో ఎత్తి బీడింగులు తొడిగేశారు. ఏడాది తిరిగేసరికి బీడింగును బాడీకి పట్టి ఉంచే ప్రతి క్లిప్పు చుట్టూ రంగు పొంగి, కింద తుప్పు బయటపడింది. మళ్లీ రంగు వేయించాల్సి రావడానికి కారణం అదే.

ఈ షెడ్డులో బండి చూపించగానే మేస్త్రిగారు పని మొదలుపెట్టలేదు. బానెట్ అంచున, కంటికి కనపడని చోట బొటనవేలి గోరుతో నొక్కి చూసి, "పైన ఆరింది గానీ లోపల ఇంకా పచ్చిగానే ఉంది సార్, నెల దాటాక తీసుకురండి" అన్నారు. ఆ మాట అక్షరాలా నిజం. హార్డెనర్ (గట్టిపరిచే ద్రవం) కలిపి కొట్టే పీయూ (పాలీయురేథేన్) రంగు కొన్ని గంటల్లోనే చేతికి అంటకుండా ఆరుతుంది కానీ, పూర్తిగా గట్టిపడటానికి వారాలు పడుతుంది. ఈలోగా క్లిప్పు బిగించినా, రబ్బరు అంచు ఒత్తుకున్నా ఆ ముద్ర రంగులో శాశ్వతంగా మిగిలిపోతుంది. వచ్చిన బేరాన్ని వెనక్కి పంపడానికి వెనుకాడని ఆ నిజాయితీ వల్లనే నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది.

నా దృష్టిలో అసలైన పనితనం బీడింగు చేతిలోకి తీసుకోకముందే కనిపించింది. బాడీలో క్లిప్పులు దిగే చోట రంగు పేరుకుని బిగుసుకుపోయిన రంధ్రాలను సన్నటి ఆకురాయితో జాగ్రత్తగా సరిచేసి, బయటపడిన ఇనుము అంచుకు బొమ్మలు వేసే కుంచెతో తుప్పును ఆపే ఎపాక్సీ ప్రైమరు, అది ఆరాక రంగు పూశారు. మైపాడు తీరం దగ్గరలోనే ఉన్న మా ఊళ్లో ఉప్పుగాలి తప్పదు. స్టెయిన్‌లెస్ స్టీల్ బీడింగు బాడీ ఇనుముకు నేరుగా తగిలి, మధ్యలో ఉప్పు తేమ నిలిచిందంటే ముందు తినుకుపోయేది ఇనుమే. అందుకే ప్రతి క్లిప్పు మెడకు మెత్తటి సీలెంటు చుట్టి మరీ రంధ్రంలోకి దింపారు. వాననీరు తలుపు లోపలికి దిగకుండా ఆపేది కూడా ఆ సీలెంటే.

బిగించే ముందు ఇద్దరు కుర్రాళ్లూ ఉంగరాలు, వాచీలు, బెల్టులు తీసి పక్కన పెట్టారు. బీడింగు కూర్చునే గీతకు పైనా కిందా మాస్కింగ్ టేపు అంటించి, వంకర ఉన్న ముక్కలను చెక్క దిమ్మ మీద ముందే సరిచేసుకుని, ఒకరు రెండో కొస ఎత్తి పట్టుకోగా మరొకరు నడిమి క్లిప్పు దగ్గర మొదలుపెట్టి కొసల వైపు బొటనవేళ్లతో ఒత్తుకుంటూ పోయారు. ఎక్కడా సుత్తి తాకించలేదు. కొసన ఉండే బోల్టుకు లోపలివైపు నైలాన్ వాషరు వేసి, నట్టును వేళ్లతో తిప్పగలిగినంత తిప్పి, ఆపైన స్పానరుతో పావు చుట్టు మాత్రమే బిగించారు. అంతకు మించితే రేకు లోపలికి గుంజుకుని సొట్ట కనిపిస్తుందట. వెనక అద్దాన్ని రబ్బరు గాడిలో నైలాన్ తాడు పెట్టి, సబ్బునీళ్లు రాసి, బయటినుంచి ఒకరు అద్దాన్ని ఒత్తుతుండగా లోపలినుంచి తాడు లాగి కూర్చోబెట్టారు.

లోటు లేదని చెప్పను. ఎడమవైపు వెనక తలుపు బీడింగు ముందు తలుపు గీతకన్నా నూలుపోగంత పైకి ఉంది. పాత టింకరింగులో ఆ రంధ్రం పుట్టీతో పూడిపోతే ఎవరో అంచనాగా మళ్లీ తొలిచారు. దాన్ని సరిచేయాలంటే కొత్త రంగు మీద డ్రిల్లు పెట్టాలని మేస్త్రిగారు వద్దన్నారు, నేనూ సరేనన్నాను. హ్యాండిళ్ల కింది రబ్బరు గాస్కెట్లు అక్కడ దొరకవు. బండ్ల విడిభాగాలు అమ్మే చెన్నై పుదుపేట నుంచి నేనే తెప్పించుకున్నాను. రాసిచ్చిన బిల్లు ఇవ్వరు, కూలి కూడా మామూలు షెడ్లకన్నా ఎక్కువే. మళ్లీ రంగు వేయించే ఖర్చుతో పోల్చి చూస్తే నాకు అది న్యాయంగానే తోచింది.

వెళ్లదలచినవారు బీడింగులు విప్పేటప్పుడే ప్రతి ముక్క లోపలివైపు ఎడమ, కుడి, ముందు, వెనక అని రాసిన టేపు అంటించి, పాత క్లిప్పులు విరిగినవైనా సరే పారేయకుండా తీసుకువెళ్లండి. కొలత చూసి కొత్తవి ఎంచేది వాటితోనే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలకు గాలిలో తేమ ఎక్కువ కనుక ఆ నెలల్లో కొత్త రంగు బండిని ఆయన ముట్టుకోరు. వేసవిలో రంగు పూర్తి చేయించి, ముందుగా అడిగి రోజు ఖాయం చేసుకోవడం మంచిది.