రాయగడలో పెద్దక్షరాల తెలుగు బైబిలు: వీపు చూసి కొనండి

ఒడిశాలోని రాయగడ బజారులో ఒడియా బైబిళ్ల పక్కనే తెలుగు పెద్దక్షరాల ప్రతి ఉంటుంది. అచ్చు బాగుంది, కళ్లజోడు లేకుండా చదవొచ్చు. అయితే జిగురుతో అంటించిన వీపు (పేజీలన్నీ కలిసే అంచు) సరిగ్గా నడిమిన, కీర్తనల దగ్గరే విరుగుతుంది. దారపు కుట్టు కనిపించేదే తీసుకోండి. కాగితం ఉల్లిపొర, జెల్ పెన్ను అవతలికి దిగుతుంది, పెన్సిలే మేలు.

అన్యాయమైపోయామని కుమిలేవాళ్లకి ఇస్తుంటే రిబ్బను 73వ కీర్తన దగ్గర పెట్టండి. 28 వచనాలే. దుర్మార్గులు సుఖపడుతున్నారని ఆ కీర్తనకారుడు ఆసాపు వాపోతాడు. మలుపు 17వ వచనంలో, పరిశుద్ధ స్థలంలోకి వెళ్లాక. బైబిల్లోని యోబు గ్రంథాన్ని మాత్రం ముక్కలుగా చదివించొద్దు. ‘నీ పాపమే నీ కష్టం’ అనే యోబు స్నేహితుల వాదన నిజంలాగే వినిపిస్తుంది మరి! దేవుడు వాళ్లని తప్పుపట్టేది చివర్లో, 42వ అధ్యాయం 7వ వచనంలో. అంత ఓపిక లేకపోతే హబక్కూకు గ్రంథం చదివించండి, మూడే అధ్యాయాలు.

అట్ట రెక్సినుదైతే నయం, గుడ్డది వానాకాలం బూజు పడుతుంది.