శస్త్రచికిత్స తర్వాత శోషరసం (లింఫ్) కారితే: విశాఖలో మాకు అందిన కోత లేని చికిత్స

మా అన్నయ్యగారికి అన్నవాహిక క్యాన్సర్ శస్త్రచికిత్స విశాఖపట్నంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో జరిగింది. పేగులోకి అమర్చిన గొట్టం ద్వారా ఆహారం ఇవ్వడం మొదలుపెట్టిన మర్నాడే, అప్పటిదాకా పలుచగా, ఎర్రగా వస్తున్న ఛాతీ డ్రెయిన్ ద్రవం పాలలా తెల్లబడింది. చీము పట్టిందని మా వదినగారు బెంబేలెత్తిపోయారు. పరీక్షలో ట్రైగ్లిజరైడ్లు (ఒక రకం కొవ్వు) డెసిలీటరుకు 110 మిల్లీగ్రాముల హద్దును బాగా దాటడంతో అది చీము కాదని, పేగుల నుంచి కొవ్వును మోసుకుంటూ ఛాతీ గుండా పైకి వెళ్లి మెడకు ఎడమ పక్కన సిరలో కలిసే ప్రధాన శోషరస నాళం గాయపడిందని తేలింది.

రోజూ లీటరుకు పైగా ద్రవం పోతుంటే మాంసకృత్తులు, రోగాలతో పోరాడే లింఫోసైట్లనే తెల్ల రక్తకణాలు కూడా దానితోపాటే పోతాయి. కొవ్వు లేని ఆహారం, శోషరసం ఊరడాన్ని తగ్గించే ఆక్ట్రియోటైడ్ ఇంజెక్షన్లు, ఆపైన సెలైన్ ద్వారా పోషణ అంటూ పది రోజులు గడిచాక, మళ్లీ ఛాతీ తెరిచి నాళాన్ని ముడివేయాలన్నారు. నా ఫిర్యాదు ఇక్కడే ఉంది. ఈ పనిని కోత లేకుండా, ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్‌లలో చూస్తూ సూదులతోనే చేయగల ఇంటర్వెన్షనల్ రేడియాలజీ విభాగం అదే భవనంలో, మా వార్డుకు రెండు అంతస్తుల కింద ఉన్న సంగతి మాకు ఒక డ్యూటీ డాక్టరు మాటల్లో యథాలాపంగా తెలిసింది.

ఆ విభాగం పనితీరును మాత్రం మనసారా మెచ్చుకోవాలి. అక్కడి వైద్యులు కాగితం మీద బొమ్మ గీసి, నాళాన్ని మూసినా పక్కనున్న సన్నటి దారుల గుండా శోషరసం ప్రవహిస్తుందని, అయితే కొందరికి ఆ తర్వాత కాళ్ల వాపు, విరేచనాలు రావచ్చని దాచకుండా చెప్పారు. మత్తు స్వల్పంగా ఇచ్చి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ రెండు గజ్జల్లోని శోషరస గ్రంథుల్లోకి సన్నటి సూదులతో లిపియోడాల్‌ను చాలా నెమ్మదిగా ఎక్కించారు. అది అయోడిన్ కలిపిన గసగసాల నూనె. మనకు కూరల్లోకే తెలిసిన గసగసాలకు ఇలాంటి ఉపయోగం కూడా ఉందని నాకు అప్పుడే తెలిసింది. నూనె పైకి పాకి నాళం ఎక్స్‌రే తెరపై కనబడ్డాక, పొట్ట మీదుగా సూదితో దాన్ని అందుకుని, వెంట్రుకలాంటి తీగ మీదుగా సన్నటి కేథటర్‌ (గొట్టం)ను చిల్లు దాకా నడిపి, లోహపు చుట్టలతోనూ జిగురుతోనూ మూసేశారు. ఆ జిగురు మనం ఇళ్లలో వాడే ఫెవిక్విక్ జాతి రసాయనమే. ఈ పద్ధతికి 1990లలో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో కాన్‌స్టంటిన్ కోప్ బాట వేశారట. మొత్తం మూడు గంటలు పట్టింది. ఒంటి మీద మిగిలినవి సూది గాట్లే.

మూడో రోజుకు డ్రెయిన్ యాభై మిల్లీలీటర్లకు పడిపోయింది, వారంలో గొట్టం తీసేశారు. బిల్లింగు కౌంటరువారు మొదట ఇచ్చిన అంచనాలో లోహపు చుట్టల ధర చేర్చకపోవడం మాత్రం క్షమించదగినది కాదు. గాజువాక నుంచి వచ్చే మేమే ఆ రాత్రి డబ్బు సర్దలేక సతమతమయ్యాం. శ్రీకాకుళం నుంచో, కోరాపుట్ నుంచో వచ్చినవారు ఏం చేస్తారు? ఇలాంటి స్థితిలో ఉన్నవారు రెండో ఆపరేషన్‌కు సంతకం పెట్టే ముందు ఆ విభాగం వైద్యుల అభిప్రాయం తమంతట తామే అడగాలి.

రెండు నెలల తర్వాత తీసిన ఎక్స్‌రేలో వెన్నెముక పక్కన ఆ చుట్టలు తెల్లగా మెరిశాయి. ఇకపై ఎక్కడ ఛాతీ ఎక్స్‌రే తీయించుకున్నా ముందుగా వాటి సంగతి చెప్పమని అన్నయ్యగారికి చీటీ రాసిచ్చారు.