మూడు వానాకాలాలు వాడిన గొట్టాల పార

దీని గురించి 2023 డిసెంబర్‌లోనే రాద్దామనుకున్నాను. అప్పుడు రాసి ఉంటే మొత్తం పొగడ్తే ఉండేది. ఇప్పటికి మూడు వానాకాలాలు వాడాం, ఒకసారి విరిగింది, ఒకసారి మమ్మల్ని బాగా నిరాశపరిచింది, అయినా ఇంకా నాకు ఇష్టమే. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

షాపులో దీని పేరు హాలో టైన్ ఎయిరేటర్. మా ఫుట్‌బాల్ క్లబ్ పిల్లలు గొట్టాల పార అంటారు. పైన అడ్డ పిడి, కింద కాలితో తొక్కే పట్టీ, ఆ పట్టీకి రెండు బోలు గొట్టాలు. ఎలా తొక్కాలో వీడియోలు బోలెడున్నాయి, అది మళ్ళీ చెప్పను.

నాకు దీనిమీద ఇంత ప్రేమ ఎందుకంటే, ఇది నేల లోపలి మట్టిని తీసి మన చేతిలో పెడుతుంది. గడ్డపారతో పొడిస్తే రంధ్రం పడుతుంది కానీ ఆ మట్టి ఎక్కడికీ పోదు, పక్కకు జరిగి పక్క మట్టినే ఇంకా బిగిస్తుంది. ఇది బొటనవేలు పొడవున్న మట్టి కడ్డీని మురుకు లాగా బయటికి వదులుతుంది. మొదటిరోజు గోల్ ముందు తీసిన కడ్డీ నాకు ఇప్పటికీ గుర్తుంది. పైన అర అంగుళం వరకే తెల్లటి గరిక వేర్లు, ఆ కింద ఒక్క వేరు లేదు, మట్టి బూడిద రంగులోకి తిరిగి ఉంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే మురికి కాలువ వాసన. నాలుగేళ్ళుగా ఆ గోల్ ముందు గడ్డి ఎందుకు నిలవట్లేదని మేం నీళ్ళు ఎక్కువ పెట్టాం, యూరియా చల్లాం, వేరే చోటి నుంచి గరిక తెచ్చి నాటాం. కింద గాలే ఆడట్లేదన్న సంగతి ఆ కడ్డీ చూసేదాకా తెలియలేదు.

మా గ్రౌండ్ కాజీపేట వైపు, ఒక బడి వెనక ఉంటుంది. రోడ్డు వైపు గోల్ దగ్గర ఎర్ర చల్క, అంటే ఇసుక పాలున్న ఎర్రమట్టి, గోడ వైపు గోల్ దగ్గర నల్లరేగడి. ఒకే గ్రౌండ్‌లో రెండు నేలలు ఉండటం మన దగ్గర వింతేమీ కాదు, కానీ ఈ తేడా గుర్తుపెట్టుకోండి, తర్వాత చెప్పేదంతా దాని చుట్టే తిరుగుతుంది.

2023 జూలై 27న వచ్చిన వాన వరంగల్‌లో ఎవరూ మర్చిపోరు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది, హనుమకొండలో కాలనీలకు కాలనీలే మునిగాయి. మా గ్రౌండ్ మూడు రోజులు నీళ్ళలో ఉంది. నీళ్ళు తీశాక పైన సన్నటి ఒండు పొర మిగిలింది, ఎండకు అది పెంకులా తయారైంది. అప్పట్నుంచి చిన్న జల్లు పడినా గోల్ ముందు మడుగే. ఆ ఆగస్టులో చందా వేసుకుని రెండు వేలకు కాస్త తక్కువలో ఆన్‌లైన్‌లో దీన్ని కొన్నాం.

లెక్క ముందే చెబుతాను, దిగాక టెన్షన్ పడకుండా. గోల్ ఏరియా, అంటే గోల్ ముందు గీసే చిన్న డబ్బా, 18.32 మీటర్ల వెడల్పు, 5.5 మీటర్ల లోతు, అంటే సుమారు 100 చదరపు మీటర్లు. పది సెంటీమీటర్లకో రంధ్రం అనుకుంటే పదివేల రంధ్రాలు. రెండు గొట్టాలు కాబట్టి ఐదువేల సార్లు తొక్కాలి. నిమిషానికి పది తొక్కులు వేసినా ఎనిమిది గంటలు దాటుతుంది, అది కూడా ఎక్కడా ఆగకపోతే. మేం నలుగురం వంతులవారీగా రెండు ఆదివారాలు చేశాం. గ్రౌండ్ అంతా చేద్దామని మొదలుపెట్టేవాళ్ళు ముందు ఈ లెక్క చూసుకోండి. తీసిన రంధ్రాలు నీళ్ళు దిగే దారులుగా ఉండాలంటే వాటిలో ఇసుక నింపాలి, అది మాత్రం అనుకున్నంత పట్టదు. ఒక గోల్ ముందున్న రంధ్రాలన్నీ నిండటానికి మూడు సిమెంట్ సంచుల ఇసుక చాలు, పైన పల్చగా పరవడానికి ఇంకో రెండు మూడు.

వానలు తగ్గాక, అక్టోబర్ నవంబర్‌లలో, రోడ్డు వైపు గోల్ పూర్తిచేశాం. గోడ వైపుకు వచ్చేసరికి పిల్లలకు పరీక్షలు, తర్వాత ఎన్నికల హడావుడి, అది అలాగే ఆగిపోయింది. కావాలని చేసింది కాదు గానీ, అలా ఆగిపోవడం వల్లే ఈ పార ఏం చేస్తుందో కళ్ళతో చూడగలిగాం.

డిసెంబర్ 3న ఓట్ల లెక్కింపు అయింది. 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది, మన వైపు ముసురు పట్టింది. చలికాలంలో వాన అంటే నాకు జూలై వాన కంటే ఎక్కువ భయం. జూలైలో బురదైనా గరిక పదిహేను రోజుల్లో పాకి గాయాన్ని మూసేస్తుంది, దానికి వేడి కావాలి, వేడి ఉంటుంది. దీపావళి దాటి రాత్రుళ్ళు చల్లబడ్డాక గరిక పెరగడం దాదాపు ఆపేస్తుంది. డిసెంబర్‌లో బూట్ల మేకులు లేపిన గడ్డి ముక్క ఫిబ్రవరి చివరిదాకా అలాగే పడి ఉంటుంది. ఇంగ్లండ్‌లో వాళ్ళ చలికాలమంతా తడే, కానీ అక్కడ వేసే రై గడ్డి చలికి ఓర్చుకుంటుంది, అదీ నడిచలికాలంలో సరిగా కోలుకోదు. మనది గరిక. చలికాలంలో మనకు రెండో ఛాన్స్ ఉండదు.

ఆ ఆదివారం, 10వ తేదీన, మ్యాచ్ వద్దని బతిమాలాను. మ్యాచ్ పెట్టినవాళ్ళు వినలేదు, బయటి టీమ్ బస్సు మాట్లాడుకుని వచ్చేసింది, ఆడి తీరాలన్నారు. పొద్దున్నే ఆరింటికి వెళ్ళి చూశాను. గోడ వైపు గోల్ ముందు అడుగు వేస్తే ఆ అడుగులోకి నీళ్ళు ఊరుతున్నాయి, పెనాల్టీ స్పాట్ దగ్గర మడుగులో ఆకాశం కనిపిస్తోంది. రోడ్డు వైపు వెళ్ళాను. తడిగా ఉంది, మెత్తగా ఉంది, కానీ ఎక్కడా నీళ్ళు నిలవలేదు. వంగి చూస్తే ఇసుక నింపిన రంధ్రాలు చిన్న చిన్న గోధుమ రంగు చుక్కల్లా వరసగా కనిపిస్తున్నాయి, వాటి చుట్టూ గడ్డి నిలబడే ఉంది. అక్కడే చాలాసేపు కూర్చుండిపోయాను. మా గోల్‌కీపర్ వచ్చి ఏమైందన్నా అని అడిగితే చెప్పడానికి నాకు గొంతు రాలేదు.

తొంభై నిమిషాలు ఆడారు. సాయంత్రానికి గోడ వైపు దుక్కి దున్నినట్టు అయింది. దానికి తోడు ఎవరో ఆ తడిలోనే రోలర్ తిప్పించారు, అంతకన్నా అన్యాయం ఉండదు, తడి నేల మీద రోలర్ తిప్పితే లోపల ఉన్న కాస్త గాలి కూడా పోతుంది. రోడ్డు వైపు గోల్ మాసిపోయింది, అక్కడక్కడా చిరిగింది, కానీ చచ్చిపోలేదు. మార్చిలో గరిక మళ్ళీ లేచినప్పుడు రోడ్డు వైపు నిండుగా పచ్చబడింది, గోడ వైపు మంచం అంత బోడి మచ్చ మిగిలింది.

ఇప్పుడు విరిగిన సంగతి. కొన్న మూడోవారమే, మొరం రాయి ఒకటి తగిలి, తొక్కే పట్టీ దగ్గర వెల్డింగ్ విడిపోయింది. అమ్మినవాళ్ళకు ఫోటోలు పంపితే, క్లబ్‌లో వాడారు కాబట్టి వారంటీ రాదని ఒక్క లైను జవాబు. ఇంటి ముందున్న పది అడుగుల లాన్‌కే దీన్ని చేశారన్నమాట, ఆ సంగతి అమ్మేటప్పుడు రాస్తే బాగుండేది. చివరికి ములుగు రోడ్డులో ఒక వెల్డింగ్ షాపుకు తీసుకెళ్ళాం. అక్కడి అన్న అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది గడ్డి పార కాదే, దీని మీద మనిషి బరువంత పడ్తది, గీ రేకు ఎట్ల ఆగుతది" అని పట్టీ తీసేసి యాంగ్లర్, అంటే L ఆకారపు ఇనుప ముక్క వేశాడు. గొట్టాల మూతి ఏటవాలుగా కోశాడు, పక్కన పొడవునా చీలిక పెట్టాడు, మట్టి కడ్డీ లోపల ఇరుక్కోకుండా పైకి జారి పడేలా. ఆ మార్పు తర్వాతే ఇది నిజంగా పనికొచ్చే వస్తువైంది. కాబట్టి నేను పొగుడుతున్నది కొన్న సరుకునా, ఆయన చేతినా అంటే, సగం ఆయన చేతినే.

వాడే సమయం విషయంలో మాకు బుద్ధి చెప్పింది గ్రౌండ్ పనులు చూసే కాక. ఆయన నలభై ఏళ్ళు వ్యవసాయం చేసిన మనిషి. 2024 ఆగస్టులో ముసురు వదిలిన మర్నాడే మేం తొక్కుతుంటే గొట్టాల్లో మట్టి బంకలా పట్టుకుని రావట్లేదు, ప్రతి నాలుగు తొక్కులకు ఇనుప చువ్వతో పొడిచి తీయాల్సి వస్తోంది. కాక వచ్చి, "గట్ల తొక్కితే నేల కుడితయితది బిడ్డా, పదును రానియ్యి" అన్నాడు. పిడికెడు మట్టి తీసి పిసికి వదిలాడు, ముద్ద అలాగే ఉండిపోయింది. ముద్ద కట్టి, వేలితో నొక్కితే పొడిగా రాలాలి, అప్పుడు దిగాలట. చల్కకు రెండు మూడు రోజులు, రేగడికి వారం పైనే పట్టింది. పారతో వచ్చిన కాగితంలో ఇది ఎక్కడా లేదు. పక్కన బకెట్‌లో నీళ్ళు పెట్టుకుని ఇరవై తొక్కులకోసారి గొట్టాలు ముంచడం కూడా అప్పుడే అలవాటైంది.

ఇక గోడ వైపు గోల్. అక్కడ నేను చెప్పిన గొప్పలన్నీ కొంచెం తగ్గించుకోవాలి. 2024లో అటు కూడా పూర్తిగా చేశాం. అప్పటికి ఇసుక అయిపోయింది, కంకర కొట్టే చోట మిగిలే క్రషర్ డస్ట్ ఊరికే ఇస్తామని ఒకరంటే ట్రాలీ తెచ్చి రంధ్రాల్లో ఊడ్చాం. ఎవరూ ఆ పని చేయకండి. అందులో రాతి పిండి ఎక్కువ, తడిస్తే బిగుసుకుంటుంది. ఆరు నెలల తర్వాత అదేచోట తొక్కితే రంధ్రాల్లోంచి బూడిద రంగు పెన్సిల్ ముక్కల్లాంటివి వచ్చాయి, నేలకేసి కొట్టినా పగల్లేదు. నీళ్ళు దిగడానికి చేసిన దారులకు మేమే బిరడాలు పెట్టాం. కడిగిన దొడ్డు ఇసుకే కావాలి, ఆలస్యమైనా సరే.

డస్ట్ సంగతి వదిలేసినా, రేగడి తీరే వేరు. అది తడికి ఉబ్బుతుంది, మూడు నాలుగు వారాల్లో రంధ్రాన్ని తనంతట తానే మూసేస్తుంది. చల్కలో ఒకసారి చేసింది ఒక సీజన్ నిలబడితే, రేగడిలో నెలకోసారి చేయాలి, అంత ఓపిక మాకు లేదు.

2025 అక్టోబర్ 29న మొంథా తుపాను వాన పడినప్పుడు రెండు గోల్‌లూ మునిగాయి. రోడ్డు వైపు కూడా. ఊళ్ళో కాలనీలే మునిగిన రోజు గ్రౌండ్ మునగడంలో ఆశ్చర్యం లేదు, కానీ రోడ్డు వైపు గోల్ మీద నాకు ఎంత నమ్మకం పెరిగిందంటే, ఆ నీళ్ళు చూసి మనసు చివుక్కుమంది. తర్వాత కూర్చుని ఆలోచిస్తే అర్థమైంది. మూడు అంగుళాల రంధ్రం పట్టుకునే నీళ్ళు కొంచెమే, కింద నేల కూడా నిండాక ఆ నీళ్ళు పోవడానికి దారి కావాలి. మా గ్రౌండ్ చుట్టుపక్కల కంటే పల్లంలో ఉంది, కాలువ లేదు. 1977లో ఇంగ్లండ్‌లో డెర్బీ కౌంటీ గ్రౌండ్ మీద పెనాల్టీ స్పాట్ బురదలో కలిసిపోతే మ్యాచ్ మధ్యలో టేపుతో కొలిచి మళ్ళీ తెల్లరంగు వేశారు. ఇప్పుడు అక్కడి పెద్ద గ్రౌండ్‌లలో అలాంటిది కనబడదంటే గడ్డి కింద పైపులు, కంకర, ఇసుక పొరలు ఉన్నాయి కాబట్టి, పైన ట్రాక్టర్‌కు కట్టిన యంత్రాలు అడుగు లోతు దాకా గుచ్చుతాయి కాబట్టి. చేతిపార ఆ పని చేయలేదు. నేను దాన్నుంచి ఆశించకూడనిది ఆశించాను.

అయినా ఒక తేడా చెప్పాలి. మొంథా నీళ్ళు రోడ్డు వైపు రెండో రోజుకు ఇంకాయి, గోడ వైపు ఆరు రోజులు నిలిచాయి. ఈ జనవరిలో రోడ్డు వైపు తీసిన కడ్డీలో వేర్లు మూడు అంగుళాల దాకా, గొట్టం చివరిదాకా ఉన్నాయి, వాసన మామూలు తడిమట్టి వాసన. మొదటిరోజు తీసిన కడ్డీని ఎండబెట్టి దాచాను, రెండూ పక్కపక్కన పెట్టి కొత్తగా వచ్చిన పిల్లలకు చూపిస్తుంటాను.

కొనాలా వద్దా అంటే, మీ నేల చల్కో, దుబ్బో (ఇసుక నేలో) అయి, ఆదివారం పొద్దున నలుగురు వచ్చే క్లబ్ అయితే, నేనైతే కొనమంటాను, కొన్నరోజే వెల్డింగ్ షాపుకు తీసుకెళ్ళమంటాను. మొత్తం రేగడి అయితే ముందు ఆ డబ్బు ఇసుకకూ కాలువకూ పెట్టండి. చేతిలో బడ్జెట్ ఉన్న అకాడమీ అయితే ట్రాక్టర్‌కు కట్టే యంత్రం అద్దెకు దొరుకుతుందేమో అడగండి, మా దగ్గర ఆ డబ్బు లేదు కాబట్టి దాని గురించి నేను చెప్పలేను. మేం ఈ ఏప్రిల్‌లో గోడ వెంబడి కాలువ తవ్విద్దామని జేసీబీ అతనితో మాట్లాడాం. అది అయ్యాక, మృగశిర వానలు పడ్డాక, గోడ వైపు గోల్ సంగతి ఇక్కడే కింద రాస్తాను.