ఎంఆర్‌ఐ కూలింగ్ మార్చి హీలియం ఖర్చు లేకుండా చేస్తామంటున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

ఒడిశాలోని బరంపురంలో నేనూ మా బావమరిదీ కలిసి ఒక చిన్న స్కాన్ సెంటర్ నడుపుతున్నాం. పర్లాకిమిడి, గునుపురం వైపు నుంచి కూడా పేషెంట్లు వస్తారు. సెకండ్ హ్యాండ్ మెషిన్లతో సెంటర్లు నడిపే మనలాంటివాళ్లు సరిహద్దుకి ఇటూ అటూ చాలామందే ఉన్నారు. నాకు జరిగింది మీకు జరగకూడదని రాస్తున్నాను. డీలర్ పేరు మాత్రం రాయడం లేదు, వ్యవహారం లాయర్ చేతిలో ఉంది.

మాది పాత 1.5 టెస్లా (అయస్కాంత బలం కొలత) ఎంఆర్‌ఐ మ్యాగ్నెట్. దాన్ని చల్లగా ఉంచేది లోపలి ద్రవ హీలియమే. హీలియం వారానికి దాదాపు ఒక శాతం తగ్గేది. ఏడాదికి రెండుసార్లు నింపించాల్సిందే, ప్రతిసారీ అదో పెద్ద టెన్షన్. 1868 గ్రహణం రోజు జాన్సెన్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త మన గుంటూరు నుంచే సూర్యుణ్ణి పరిశీలించాడు, హీలియం కథ మొదలైంది ఆ గ్రహణంతోనే. అయినా ఈరోజు దేశానికి కావాల్సిన హీలియం దాదాపు అంతా బయటి నుంచి రావాల్సిందే. ధర పెరిగినప్పుడల్లా మాకు నిద్ర పట్టదు.

అలాంటి సమయంలో వచ్చాడు ఈ డీలర్. "మీది పది కెల్విన్ కోల్డ్ హెడ్ సార్. తీసేసి నాలుగు కెల్విన్‌ది పెడదాం, దానికి తగ్గ కంప్రెసర్, కొత్త చిల్లర్ ఇస్తాను. ఇక చుక్క హీలియం కూడా పోదు" అన్నాడు. కోల్డ్ హెడ్ అంటే మ్యాగ్నెట్ లోపలి భాగాన్ని చల్లబరిచే పరికరం, కెల్విన్ అంకె ఎంత తక్కువైతే అంత చల్లదనం. దాన్ని నడిపేది కంప్రెసర్, కంప్రెసర్‌ని నీళ్లతో చల్లబరిచేది చిల్లర్. ఒడిశాలో ఉన్న మనకి తెలుగు మాట వినిపిస్తే మనసు కాస్త మెత్తబడుతుంది కదా. "మనం మనం తెలుగువాళ్లం, మిమ్మల్ని మోసం చేస్తానా" అన్న మాట నాలుగుసార్లు అన్నాడు. 16 లక్షలకి ఒప్పుకున్నాం. బిగించే రోజుకే 13 లక్షలు కట్టేశాం.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. పని పూర్తయిన సాయంత్రం తనతో తెచ్చిన హీలియం ఫ్రీగా నింపాడు. 62 శాతం దగ్గరున్న హీలియం మీటరు 84కి వెళ్లింది. మా టెక్నీషియన్‌నే పడుకోబెట్టి తల స్కాన్ తీసి చూపించాడు, బొమ్మ అద్దంలా ఉంది. సంతోషంగా సంతకం పెట్టాను. కానీ బొమ్మ బాగుండటానికీ కూలింగ్ బాగుండటానికీ సంబంధం లేదు. మ్యాగ్నెట్ లోపలి తీగచుట్ట హీలియంలో మునిగి ఉన్నంత కాలం అందులో కరెంటు తగ్గకుండా తిరుగుతూనే ఉంటుంది, హీలియం ఎంత వేగంగా ఆవిరవుతున్నా బొమ్మ చక్కగానే వస్తుంది. మీటరు పెరిగింది కూడా కొత్త హెడ్ వల్ల కాదు, పోసిన హీలియం వల్ల.

మా టెక్నీషియన్ కుర్రాడు ప్రతి సోమవారం పొద్దున రీడింగ్ ఒక నోటుబుక్కులో రాసిపెడతాడు. 84, 83, 82, 81. నాలుగో వారం ఆ పేజీ తెచ్చి నా టేబుల్ మీద పెట్టి, పాత పేజీ తిప్పి పక్కన పెట్టాడు. రెండు వరుసలూ ఒకే వేగంతో దిగుతున్నాయి. డీలర్‌కి ఫోన్ చేస్తే "సిస్టమ్ సెటిల్ అవ్వాలి సార్, మూడు నెలలు ఆగండి" అన్నాడు. ఆగాం.

చివరికి విశాఖ నుంచి ఒక రిటైర్డ్ సర్వీస్ ఇంజినీర్ గారిని పిలిపించాం. ఆయన కవర్ విప్పి చూసి, కుర్చీలో కూర్చుని, అరగంట ఓపిగ్గా చెప్పారు. లోపల తీగచుట్ట నియోబియం-టైటానియంది. అది మైనస్ 269 డిగ్రీల ద్రవ హీలియంలో మునిగి ఉంటుంది. ట్యాంకు చుట్టూ బయటి వేడిని ఆపే లోహపు కవచాలు ఉంటాయి. మా మెషిన్ లాంటి పాత తరం మ్యాగ్నెట్లలో కోల్డ్ హెడ్ దూరే గొట్టం ఆ కవచాల దగ్గరే ఆగిపోతుంది, ట్యాంకులోకి పోదు. కవచాలు చల్లబడితే ఆవిరవడం తగ్గుతుంది కానీ ఆగదు. ఎండలో కుండకి తడిగుడ్డ చుట్టినట్టన్నమాట. కొత్త తరం మ్యాగ్నెట్లలో హెడ్‌లోని అతి చల్లటి చివరి భాగం హీలియం ఆవిరికి ఎదురుగా ఉంటుంది. అన్నం గిన్నె మూత కింద ఆవిరి చుక్కలై మళ్లీ గిన్నెలోనే పడ్డట్టు, హీలియం తిరిగి ద్రవమై ట్యాంకులోకే దిగుతుంది. "మీ గిన్నెకి ఆ మూత పెట్టే చోటే లేదు బాబూ. నాలుగు కెల్విన్ హెడ్ తెచ్చి పెడితే మాత్రం ఏం లాభం?" అన్నారు. మ్యాగ్నెట్ మోడల్ చూసినవాడెవడికైనా ఈ సంగతి ముందే తెలుస్తుందట. అంటే డీలర్‌కి తెలుసు.

తర్వాత ఆయన టార్చి వేసి కంప్రెసర్ వెనక చూపించారు. ఎన్ని గంటలు నడిచిందో చెప్పే అవర్ మీటరు చాలా తక్కువ గంటలే చూపిస్తోంది. కానీ మీటరు చుట్టూ ప్యానెల్ రంగు వేరు, స్క్రూల తలలు అరిగి ఉన్నాయి. ఆ పక్కన ఆడ్సార్బర్ (గ్యాస్‌లోని నూనెని పట్టే ఫిల్టర్) మీద పాత స్టిక్కర్ చింపిన జిగురు మరక ఇంకా చేతికి అంటుకుంటోంది. ఫ్యాక్టరీ కండిషన్ అని బిల్లులో రాసి ఇచ్చిన వస్తువు అది.

చిల్లర్ సంగతి కూడా అంతే. వైశాఖంలో గాలివాన వచ్చి రాత్రి కరెంటు పోయింది. జనరేటర్ ఆటోమేటిక్‌గా ఎత్తుకుంది, కంప్రెసర్ తిరిగింది. కానీ చిల్లర్‌ని జనరేటర్ లైన్లో కలపకుండా మామూలు లైన్లో పెట్టారు. చల్లటి నీళ్లు లేక కంప్రెసర్ వేడెక్కి ట్రిప్ అయింది. కోల్డ్ హెడ్ ఆగింది. పొద్దున తలుపు తీసిన కుర్రాడికి రోజూ వినిపించే చిక్ చిక్ శబ్దం వినిపించలేదు. తొమ్మిది గంటలు అలా ఉంది, మామూలుకన్నా ఎక్కువ హీలియం పోయింది. ఫైలిన్, తిత్లీ తుపాన్లు చూసిన ఊళ్లు మనవి. ఇక్కడ చిల్లర్‌ని జనరేటర్‌కి కలపకుండా వెళ్లినవాణ్ణి నేను క్షమించలేను.

మీ దగ్గరికి ఇలాంటి కొటేషన్ వస్తే మొదట ఒక్క ప్రశ్న అడగండి: ఈ మోడల్‌లో ఆవిరిని తిరిగి ద్రవం చేసే ఏర్పాటు ఉందా? జవాబు కాగితం మీద తీసుకోండి. బిగించే రోజు హీలియం పోయనివ్వకండి, పోస్తానంటే రీడింగులు నడిచాక పోయమనండి. చివరి 40 శాతం డబ్బు కనీసం ఎనిమిది వారాల రీడింగులు చూశాకే ఇస్తామని ఒప్పందంలో రాయించండి. మాకు ఆ ఒక్క వాక్యం ఉంటే చాలేది. కంప్రెసర్, కోల్డ్ హెడ్ సీరియల్ నంబర్లు ముందే తీసుకుని తయారీ కంపెనీని అడిగి చూడండి. బిగించాక మీరే మెయిన్ స్విచ్ ఆపి, చిల్లర్ కూడా దానంతటదే తిరిగి స్టార్ట్ అవుతుందో లేదో కళ్లతో చూడండి.

మిగిలిన 3 లక్షలు మేం ఆపేశాం. డీలర్ ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. చిల్లర్‌ని మా ఎలక్ట్రీషియన్‌తో జనరేటర్ లైన్‌కి మార్పించాను, ఒక్క పూట పని. ఈ సోమవారం రీడింగ్ 61. హీలియంకి ఆర్డర్ పెట్టాం, గురువారం లారీ వస్తుందన్నారు.