ఏటీఎల్ నియమాలా, ట్రిపుల్ గ్రాఫ్ గ్రామర్లా?

ధవళేశ్వరం దిగువ కాలువలకు నీటి పంపిణీ సాఫ్ట్‌వేర్‌ను నిర్మిస్తున్నామనుకుందాం. ఏం కావాలో మాత్రమే చెప్పే విశ్లేషణ నమూనాలో కాలువ, తూము, ఆయకట్టు, వంతు అనే భావనలే ఉంటాయి. వాటిని పట్టికలూ ఇంటర్‌ఫేస్‌లూ ఉండే డిజైన్ నమూనాగా మార్చడానికి ఏటీఎల్ అనే నమూనా మార్పిడి భాష తేలిక: మూలంలోని ఏ అంశం నుంచి లక్ష్యంలో ఏ అంశం పుట్టాలో ప్రతి నియమమూ చెబుతుంది, కానీ మార్పిడి ఒకవైపే సాగుతుంది. నమూనాలను గ్రాఫ్‌లుగా, అంటే అంశాలూ వాటి మధ్య లంకెలుగా చూస్తూ 1994లో ఆండీ షూర్ ప్రతిపాదించిన ట్రిపుల్ గ్రాఫ్ గ్రామర్లలోనైతే రెండు నమూనాలతోపాటు వాటి పొంతనను తెలిపే మూడో గ్రాఫ్ కూడా నియమంలో భాగమే కనుక, అదే నియమం నుంచి ఇరువైపులా మార్పిడులను రాబట్టవచ్చు. దాళ్వాలో (రబీ పంటకాలంలో) నీటి ఎద్దడి వచ్చి వంతుల లెక్కను హడావిడిగా డిజైన్‌లోనే సవరిస్తే, ఆ సవరణను విశ్లేషణకు తిరిగి చేర్చడానికి ఇదే మేలని నా గట్టి నమ్మకం. నేర్చుకోవడం మాత్రం కష్టం. సవరణలన్నీ విశ్లేషణలోనే మొదలుపెట్టే బృందానికి ఏటీఎల్ చాలు.